జంట తారలు – జీవన పరిణామం

పాఠ్యభాగ పరిచయం

ఒక నక్షత్రం ఎంతకాలం జీవిస్తుందో, ఏ విధంగా అంతమొందుతుందో దాని జన్మకాలపు ద్రవ్యరాశి మాత్రమే నిర్ణయిస్తుందని ఖగోళ శాస్త్రజ్ఞులు చాలాకాలం విశ్వసించారు. కాని ఆకాశంలోని భారీ నక్షత్రాలలో అధిక భాగం ఒంటరివి కావు. ప్రక్కన తోడుగా ఉన్న మరొక నక్షత్రం వాటి ఆయుర్దాయాన్ని, రూపాన్ని, అంతిమ దశను మార్చివేస్తున్నది. ఆ మార్పు ఎట్లు జరుగుతుందో, దానిని మానవుడు ఎట్లు గ్రహించాడో, ఆ కృషిలో తెలుగునేల పాత్ర ఏమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన వివాహ సంప్రదాయంలో వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపించే ఆచారం ఉన్నది. సప్తర్షి మండలంలో వశిష్ఠుని ప్రక్కన మసకగా వెలిగే చిన్న చుక్క అరుంధతి. దాంపత్యానికి ప్రతీకగా మన పూర్వులు జంటచుక్కలను ఎంచుకోవడం ఆలోచించదగిన విషయం. దూరదర్శిని సాయంతో చూస్తే వశిష్ఠుడు ఒక్క చుక్క కాదని, రెండు చుక్కలని 17వ శతాబ్దంలోనే తెలిసింది. ఆ రెండింటిలో ప్రతి ఒక్కటి మళ్లీ ఒక జంట. అరుంధతికి సైతం ఒక చిన్న తోడు ఉన్నట్లు 2009లో కనుగొన్నారు. ఈ విధంగా మన కంటికి ఇద్దరుగా కనిపించేవారు వాస్తవానికి ఆరుగురు.

ఆకాశంలో ఇటువంటి కుటుంబాలు అరుదు కావు. ఒకదాని ఆకర్షణకు మరొకటి లోబడి, ఉమ్మడి ద్రవ్యకేంద్రం చుట్టూ పరిభ్రమించే రెండు తారలను జంట నక్షత్రాలు లేక యుగ్మతారలు అంటారు. సూర్యుని కంటె ఎనిమిది రెట్లకు మించిన ద్రవ్యరాశి గల భారీ తారలలో జంటలే ఎక్కువ.

ఒంటరి తార జీవితం

తోడు తెచ్చే మార్పు తెలియాలంటే ముందుగా ఒంటరి తార కథ తెలియాలి. నక్షత్రగర్భంలో హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలు కలిసి హీలియంగా మారుతూ ఉంటాయి. ఈ కేంద్రక సంలీనం వల్ల వెలువడే శక్తి తారను లోపలినుండి వెలుపలికి నెడుతుంది. గురుత్వాకర్షణ వెలుపలినుండి లోపలికి లాగుతుంది. ఈ రెండింటి సమతౌల్యమే నక్షత్రజీవితం.

ఎక్కువ ఇంధనం ఉన్న తార ఎక్కువకాలం జీవిస్తుందని మనకు తోచవచ్చు. జరిగేది ఇందుకు విరుద్ధం. భారీ తార తన ఇంధనాన్ని మితిమీరిన వేగంతో ఖర్చు చేస్తుంది. సూర్యుని ఆయుర్దాయం సుమారు 1,000 కోట్ల సంవత్సరాలు కాగా, సూర్యునికి 20 రెట్లున్న తార సుమారు ఒక కోటి సంవత్సరాలలోనే ముగిసిపోతుంది. గర్భంలో హైడ్రోజన్ తరిగిపోగానే తార ఉబ్బి అరుణ మహాతార అవుతుంది. హీలియం, కార్బన్, ఆక్సిజన్, సిలికాన్ క్రమంగా మండి చివరకు కేంద్రంలో ఇనుము పేరుకొంటుంది. ఇనుము సంలీనం చెందినా శక్తి లభించదు. అప్పుడు కేంద్రభాగం తన బరువుకు తానే కూలిపోతుంది. పై పొరలు మహావిస్ఫోటంతో చెదరిపోతాయి. ఇదే సూపర్‌నోవా. మిగిలేది న్యూట్రాన్ నక్షత్రం గాని, కృష్ణబిలం గాని అవుతుంది.

ఈ కథలో ప్రతి ఘట్టాన్నీ పుట్టుకనాటి ద్రవ్యరాశే నిర్ణయిస్తుంది. ఒంటరి తారకు ఇది చాలవరకు సత్యం. జంట తారకు ఇది చాలదు.

జంటలను గుర్తించిన విధం

కొన్ని జంటలు దూరదర్శినిలో రెండుగా విడిపోయి కనిపిస్తాయి. అటువంటి కొన్ని జంటలు నిజంగానే ఒకదాని చుట్టూ మరొకటి తిరుగుతున్నాయని విలియం హెర్షెల్ 1803లో నిరూపించాడు. మరికొన్ని ఎంత పెద్ద దూరదర్శినిలోనైనా ఒక్క చుక్కగానే కనిపిస్తాయి. వాటిని పట్టుకొనడానికి రెండు ఉపాయాలు ఉన్నాయి.

మొదటిది గ్రహణం. ఒక తార మరొకదానికి అడ్డువచ్చినప్పుడు కాంతి తగ్గుతుంది. ఆల్గాల్ అనే నక్షత్రం 2 రోజుల 21 గంటలకు ఒకసారి మసకబారుతున్నదని 1783లో ఇంగ్లండుకు చెందిన జాన్ గుడ్రిక్ ప్రకటించాడు. కంటికి కనిపించని తోడు అడ్డురావడం అందుకు కారణం కావచ్చునని ఊహించాడు. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరాలు. అతడు వినికిడి శక్తి లేనివాడు. రెండవది వర్ణపటం. తార మనవైపు వచ్చేటప్పుడు దాని వర్ణపట రేఖలు నీలం వైపుకు, దూరమయ్యేటప్పుడు ఎరుపు వైపుకు జరుగుతాయి. ఈ పద్ధతిలోనే 1889లో పికరింగ్ వశిష్ఠునిలోని జంటను, 1890లో వోగెల్ చిత్తా నక్షత్రంలోని జంటను కనుగొన్నారు.

చిత్త మనకు చిరపరిచితమైన నక్షత్రం. అందులోని రెండు భారీ తారలు నాలుగు రోజులకొక ప్రదక్షిణం పూర్తిచేస్తాయి. పెద్దది సూర్యునికి సుమారు 11 రెట్లు, చిన్నది సుమారు 7 రెట్లు. పరస్పర ఆకర్షణ వల్ల అవి గోళాకారం కోల్పోయి కోడిగ్రుడ్డు వలె సాగిపోయాయి.

జంట తారల పరిశోధనలో తెలుగునేలకు గౌరవప్రదమైన స్థానం ఉన్నది. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వ పరమయింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమయింది. నగరకాంతికి దూరంగా, రంగారెడ్డి జిల్లాలోని జాపాల్–రంగాపూర్ గ్రామాల సమీపంలో 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పారు. ఆచార్య కె.డి. అభ్యంకర్, ఆచార్య ఎం.బి.కె. శర్మ, వారి శిష్యులు గ్రహణ యుగ్మతారల కాంతిని రాత్రుల తరబడి కొలిచారు. మృగవ్యాధ తార ఉన్న మండలంలోనే 'ఆర్ కానిస్ మేజోరిస్' అనే జంట ఉన్నది. 1.136 రోజులకు ఒక ప్రదక్షిణం చేసే ఆ జంటలో ద్రవ్యం ఒక తారనుండి మరొక తారకు చేరి, కొంత వెలుపలికి జారిపోయిన తీరును వీరు పరిశీలించారు. అది భారీ జంట కాదు. అయినా చిన్న జంటలలో తెలుసుకొన్న సూత్రమే పెద్ద జంటల రహస్యాన్ని విప్పింది.

ఆల్గాల్ చిక్కుముడి

గుడ్రిక్ చూసిన ఆల్గాల్ 20వ శతాబ్దపు శాస్త్రజ్ఞులకు ఒక చిక్కుప్రశ్న వేసింది. అందులో ఒక తార సూర్యునికి మూడు రెట్ల పైన ఉన్నది. అది ఇంకా యౌవనంలోనే ఉన్నది. రెండవది సూర్యుని కంటె తేలికైనది. అది అప్పుడే వృద్ధాప్యంలో ప్రవేశించి ఉబ్బిపోయింది. రెండూ ఒకేసారి పుట్టిన కవలలు. బరువైనది ముందుగా వృద్ధాప్యం పొందాలి కదా! తేలికైనది ఎట్లు ముందుగా ముసలిదయింది?

1955లో శాస్త్రజ్ఞులు ఒక సమాధానాన్ని ప్రతిపాదించారు. నేడు తేలికగా ఉన్న తార ఒకప్పుడు బరువైనది. అది వృద్ధాప్యంలో ఉబ్బి తన ద్రవ్యాన్ని ప్రక్కనున్న తోడుకు ధారపోసింది. ఇచ్చినది చిక్కిపోయింది, పుచ్చుకొన్నది బలిసింది. 1967 నాటికి గణనయంత్రాల సాయంతో ఈ ఊహ లెక్కలతో స్థిరపడింది.

ద్రవ్యం ఎప్పుడు ప్రవహిస్తుంది? జంటలోని ప్రతి తారకు తన ఆకర్షణ చెల్లే ఒక పరిధి ఉంటుంది. దీనిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్వార్డ్ రోష్ పేర రోష్ పరిధి అంటారు. రెండు తారల పరిధులు మధ్యలో ఒక బిందువు వద్ద తాకుతాయి. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువులను ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లోని గణపసముద్రం వంటి చెరువు నిండేవరకు నీరు దానిలోనే ఉంటుంది. నిండిన తరువాత మత్తడి పోసి దిగువకు పారుతుంది. ఉబ్బిన తార తన రోష్ పరిధిని నింపినప్పుడు రెండు పరిధులు కలిసే బిందువే మత్తడి. ఆ మార్గాన వాయువు తోడు తార పరిధిలోనికి పారుతుంది.

ఇందులో ఒక విశేషం ఉన్నది. బరువైన తారనుండి తేలికైన తారకు ద్రవ్యం చేరుతున్నంతవరకు రెండూ దగ్గరవుతాయి. దగ్గరైన కొద్దీ రోష్ పరిధి కుంచించుకొనిపోయి ప్రవాహం మరింత ఉద్ధృతమవుతుంది. రెండింటి బరువు సమానమైన తరువాత పరిస్థితి తారుమారవుతుంది. ఇక ప్రవాహం సాగినకొద్దీ అవి దూరమవుతాయి, ప్రవాహం నెమ్మదిస్తుంది. వీణా మండలంలోని 'బీటా లైరే' అనే జంటలో ఈ ప్రక్రియను ప్రత్యక్షంగా చూడవచ్చు. సూర్యునికి సుమారు 3 రెట్లున్న తార, 13 రెట్లున్న తోడుకు నేటికీ ద్రవ్యాన్ని పంపుతున్నది. రెండూ క్రమంగా దూరమవుతున్నందువల్ల 12.9 రోజుల ప్రదక్షిణ కాలం ఏడాదికి సుమారు 19 సెకన్ల చొప్పున పెరుగుతున్నది.

ఇచ్చిన తార గతి

భారీ తార తన బాహ్యకవచాన్ని తోడుకు సమర్పిస్తే లోపలి హీలియం గర్భం బయటపడుతుంది. మిక్కిలి వేడిమి గల ఈ నగ్నగర్భం తీవ్రమైన వాయుప్రవాహాలను వెదజల్లుతూ ఉంటే దానిని వూల్ఫ్–రాయె తార అంటారు. మన కంటికి కనిపించే తారలలో దీనికి శ్రేష్ఠమైన ఉదాహరణ 'గామా వెలోరం'. ఫిబ్రవరి చివర, మార్చి మొదట రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఘనపూర్ నుండి దక్షిణ దిక్కుకు చూస్తే, దిఙ్మండలానికి సుమారు 25 డిగ్రీల ఎత్తున ఇది ప్రకాశిస్తూ ఉంటుంది. సుమారు 1,100 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ తారనుండి నేడు మన కంటిని చేరుతున్న కాంతి, ఘనపూర్‌లో కాకతీయుల కోటగుళ్లు వెలసే నాటికి ఎంతో ముందే బయలుదేరినది.

ఈ జంట ప్రదక్షిణ కాలం 78.5 రోజులని 1967లో నిర్ణయించినవారు కొడైకెనాల్ వేధశాలకు చెందిన కె.ఎస్. గణేశ్, ఎం.కె. వేణు బప్పు. వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆ జంటలోని వూల్ఫ్–రాయె తార నేడు సూర్యునికి సుమారు 9 రెట్లు, దాని తోడు సుమారు 28 రెట్లు. ఒకప్పుడు బరువైనది నేడు తేలికైన ఆ తారయే అని శాస్త్రజ్ఞుల నిర్ణయం.

కవచం కోల్పోయిన తార విస్ఫోటం కూడ వేరుగా ఉంటుంది. ఆ వెలుగులో హైడ్రోజన్ జాడ అతిస్వల్పంగా ఉంటుంది, లేదా బొత్తిగా ఉండదు. భారీ తారల విస్ఫోటాలలో సుమారు మూడింట ఒక వంతు ఇటువంటివే. 1993లో ఎం81 గెలాక్సీలో ఒక సూపర్‌నోవా వెలిగింది. మొదట కనిపించిన హైడ్రోజన్ కొద్ది వారాలలోనే కనుమరుగయింది. ఆ కవచాన్ని ఎవరో అపహరించి ఉండాలి. విస్ఫోటపు వెలుగు సద్దుమణిగిన తరువాత వెదకగా, 2004లో ఆ చోట మిగిలిన తోడు తార దర్శనమిచ్చింది.

అయినా ఒక లోటు చాలాకాలం బాధించింది. సిద్ధాంతం ప్రకారం మధ్యస్థాయి ద్రవ్యరాశి గల నగ్నగర్భ తారలు విరివిగా ఉండాలి. కాని అవి కనిపించలేదు. అవి అతినీలలోహిత కాంతిలో వెలుగుతూ, తోడు తార ప్రకాశంలో దాగి ఉండడమే కారణం. మరియా డ్రౌట్, ఈల్వా గోట్‌బెర్గ్ మొదలైన శాస్త్రజ్ఞులు మన పొరుగు గెలాక్సీలైన మాగెలాన్ మేఘాలలో అటువంటి 25 తారలను గుర్తించినట్లు 2023లో ప్రకటించారు. సిద్ధాంతం చెప్పినది ఆకాశంలో లభించింది.

పుచ్చుకొన్న తార గతి

దానం పొందిన తార మూడు విధాల మారుతుంది. మొదటిది, దాని బరువు పెరుగుతుంది. రెండవది, కొత్త హైడ్రోజన్ గర్భంలోనికి చేరినందువల్ల అది తిరిగి యౌవనం పొందినట్లు కనిపిస్తుంది. తన తోటి తారలు గతించిన తరువాత కూడ నీలికాంతితో వెలుగుతుంది. మూడవది, సుడులు తిరుగుతూ వచ్చి పడే వాయువు దానిని బొంగరం వలె వేగంగా తిప్పుతుంది.

ఇచ్చిన తార విస్ఫోటం చెందినప్పుడు జంటబంధం తరచుగా తెగిపోతుంది. అప్పుడు మిగిలిన తార, ఒడిసెల నుండి విడివడిన రాయి వలె దూసుకొనిపోతుంది. పరుగెత్తే తారలకు ఈ కారణాన్ని 1961లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లావ్ సూచించాడు. వృశ్చికరాశికి ఉత్తరాన ఉన్న 'జీటా ఒఫియూకై' అటువంటి అనాథ తార. సూర్యునికి సుమారు 20 రెట్లున్న ఆ తార సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో ఆత్మభ్రమణం చేస్తున్నది. పడవ ముందు నీరు చీలినట్లు, దాని ముందు అంతరిక్ష ధూళి విల్లు ఆకారంలో చీలి కనిపిస్తున్నది.

రెండు ఒకటైన వేళ

కొన్ని జంటలలో ప్రవాహం అదుపు తప్పుతుంది. అప్పుడు రెండు తారలు ఒకే వాయుకవచంలో మునిగి, దగ్గరై, చివరకు ఒకటైపోతాయి. జ్యేష్ఠా నక్షత్రానికి సమీపంలోని 'టౌ స్కార్పీ' తోటి తారల కంటె చిన్న వయస్సు దానివలె కనిపిస్తున్నది. దానికి బలమైన అయస్కాంతక్షేత్రం కూడ ఉన్నది. రెండు తారల కలయికతో ఇటువంటి తార పుట్టగలదని 2019లో వెలువడిన గణనలు చూపాయి.

ఈ విషయంలో మరువరాని సంఘటన 1987 ఫిబ్రవరి 23న జరిగింది. పెద్ద మాగెలాన్ మేఘంలో ఒక తార విస్ఫోటం చెందినట్లు ఆనాడు కనిపించింది. దాదాపు నాలుగు శతాబ్దాల తరువాత కంటితో స్పష్టంగా చూడగలిగిన సమీప సూపర్‌నోవా అది. పాత చిత్రాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడ్డారు. విస్ఫోటం చెందవలసినది అరుణ మహాతార. చెందినది నీలి మహాతార. దాని చుట్టూ మూడు వాయువలయాలు కూడ కనిపించాయి. ఆ విస్ఫోటానికి సుమారు 20,000 సంవత్సరాలకు పూర్వం రెండు తారలు ఒకటై ఉంటే, నీలివర్ణానికీ మూడు వలయాలకూ ఒకేసారి సమాధానం లభిస్తుంది. అందుచేత ఈ వివరణను నేడు పలువురు అంగీకరిస్తున్నారు.

మరణానంతర బంధం

జంటలో ఒకటి మరణించినా కొన్ని సందర్భాలలో బంధం తెగదు. హంస మండలంలోని 'సిగ్నస్ ఎక్స్–1'లో సూర్యునికి సుమారు 21 రెట్లున్న కృష్ణబిలం, ఒక నీలి మహాతార 5.6 రోజులకొకసారి ప్రదక్షిణం చేస్తున్నాయి. మహాతార నుండి వచ్చే వాయువు కృష్ణబిలంలో పడబోయే ముందు కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్ కిరణాలను వెలువరిస్తున్నది. ఇటువంటి జంటల పరిశీలనకు ఉపకరించే భారతీయ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి నింగికెగసింది.

రెండవ తార కూడ మరణిస్తే రెండు కృష్ణబిలాలు గాని, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు గాని మిగులుతాయి. అవి గురుత్వ తరంగాల రూపంలో శక్తిని కోల్పోతూ దగ్గరై ఒకదానిలో ఒకటి కలుస్తాయి. సూర్యునికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు ఉన్న రెండు కృష్ణబిలాల కలయికనుండి వచ్చిన తరంగాలను 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు మొదటిసారిగా పసిగట్టాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాల కలయిక పట్టుబడింది. ఆ వెలుగులో భారలోహాల ఉత్పత్తికి ఆనవాళ్లు లభించాయి. మన ఆభరణాలలోని బంగారంలో కొంతభాగమైనా ఇటువంటి జంటల అంతిమ సమాగమం ప్రసాదించినదే. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో ఉండి, నేడు మహారాష్ట్రలో ఉన్న హింగోలి ప్రాంతంలో లైగో కేంద్రం నిర్మాణానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ముగింపు

ఇదంతా కొన్ని వింత తారల కథ అని భావించరాదు. సనా మొదలైన శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిన పరిశోధన ప్రకారం అత్యంత భారీ తారలలో 70 శాతానికి పైగా తమ జీవితకాలంలో తోడు తారతో ద్రవ్యమార్పిడి చేసుకొంటాయి. వాటిలో సుమారు మూడింట ఒక వంతు కలయికకు దారితీస్తాయి. అనగా ఒంటరి తార కథయే మినహాయింపు, జంట కథయే సామాన్యధర్మం.

ఈ సత్యం మన అస్తిత్వానికి సంబంధించినది. మనం పీల్చే ఆక్సిజన్ భారీ తారల గర్భాలలో తయారయింది. కవచం కోల్పోయిన జంట తార, అదే ద్రవ్యరాశి గల ఒంటరి తార కంటె సుమారు రెట్టింపు కార్బన్‌ను విశ్వానికి అందించగలదని 2021లో వెలువడిన గణనలు సూచించాయి. ఒంటరి తారలను మాత్రమే లెక్కించి విశ్వచరిత్రను వ్రాస్తే ఆ చరిత్ర తప్పుతుంది.

పుట్టుక కొంత నిర్ణయిస్తుంది, సాంగత్యం ఎంతో మారుస్తుంది. ఈ విషయాన్ని ఏ ఒక్క రాత్రి పరిశీలనయో వెల్లడించలేదు. గుడ్రిక్ నుండి రంగాపూర్ పరిశోధకుల వరకు అనేకులు, కాంతిలోని కొద్దిపాటి హెచ్చుతగ్గులను ఓర్పుతో కొలిచి, వ్రాసి, లెక్కించినందువల్లనే మనకు తెలిసింది. మన పల్లెల ఆకాశంలో చిత్త, జ్యేష్ఠ, గామా వెలోరం నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి చూడడమే ఈ శాస్త్రంలో మొదటి పాఠం.

కఠిన పదాలు – అర్థాలు

ద్రవ్యరాశి = వస్తువులో ఉన్న పదార్థపు పరిమాణం
వేధశాల = ఆకాశాన్ని పరిశీలించే స్థలం
వర్ణపటం = కాంతి రంగులుగా విడిపోయినప్పుడు ఏర్పడే పట్టీ
సమతౌల్యం = రెండు బలాలు సరిసమానంగా ఉండడం
మత్తడి = చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోయే చోటు, అలుగు
దిఙ్మండలం = భూమి ఆకాశం కలిసినట్లు కనిపించే రేఖ
ఒడిసెల = రాయిని త్రిప్పి విసరే సాధనం
సమాగమం = కలయిక

ప్రశ్నలు

1. ఆల్గాల్ జంట శాస్త్రజ్ఞులకు కలిగించిన సందేహమేమి? దానికి లభించిన సమాధానాన్ని వివరించండి.
2. ద్రవ్యాన్ని ఇచ్చిన తార, పుచ్చుకొన్న తార పొందే మార్పులను పోల్చి వ్రాయండి.
3. 1987 నాటి సూపర్‌నోవా శాస్త్రజ్ఞులను ఎందుకు ఆశ్చర్యపరచింది?
4. జంట తారల పరిశోధనలో తెలుగునేలకు గల స్థానాన్ని తెలపండి.
5. రోష్ పరిధిని గొలుసుకట్టు చెరువులతో పోల్చడంలోని ఔచిత్యమేమి?